అరికాలు చూసే మనిషి

ఆస్పత్రి వెనకవైపు పాత మందుల గోడౌను ఖాళీ చేసి తరగతి గదిగా మార్చారు. గోడలకి కొత్తగా రంగు వేసినా, వాన పడ్డ రోజు ఆ గదిలో ఇంకా టింక్చరు వాసన వేసేది. వారానికి ఒక మధ్యాహ్నం అక్కడ మాస్టారు పాఠం చెప్పేవారు. ఒకప్పుడు ఆస్పత్రిలో పెద్ద డాక్టరాయన. రిటైరై ఇంట్లో కూర్చుంటే, ఈ ఒక్క పాఠం కోసం మళ్ళీ పిలిపించుకున్నారు. అప్పట్నుంచి అందరికీ మాస్టారైపోయారు.

పాఠం పేరు విలువ ఆధారిత వైద్యం. ఆ పేరు వినగానే ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా ఆవలింతలు పాకాయి. రాత్రి డ్యూటీలు చేసి వచ్చిన కుర్ర డాక్టర్లు మరి.

"పేరు చూసి బెదిరిపోకండి," అన్నారు మాస్టారు మొదటి రోజున. "ఎన్ని పరీక్షలు చేశాం, ఎన్ని సూదులు పొడిచాం, ఎన్ని ఆపరేషన్లు చేశాం... ఆస్పత్రి ఇవన్నీ లెక్క రాసుకుంటుంది. బాగానే ఉంది. అదంతా అయ్యాక ఆ మనిషికి ఒరిగిందేంటి? తను కోరుకున్నది దక్కిందా? దక్కడానికి ఏం పోగొట్టుకున్నాడు? డబ్బే కాదు, రోజులు, నిద్ర, నొప్పి, ఇంట్లో వాళ్ళ ఓపిక. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. విలువ అంటే అంతే."

"కోరుకున్నదేంటో మనకెలా తెలుస్తుంది సార్?" అంది ముందు వరసలో అమ్మాయి.

"అడిగితే తెలుస్తుంది."

"అడిగితే అందరూ ఒకటే మాట సార్, మీ ఇష్టం డాక్టరుగారూ అని."

"అది జవాబు కాదమ్మా. నువ్వు సరిగ్గా అడగలేదని అర్థం. మళ్ళీ అడగాలి, ఇంకోలా అడగాలి."

మంచి మాటే. కానీ ఆయన దాన్ని స్టేషన్లో రైళ్ళ రాకపోకలు చదివే గొంతుతో చెప్పారు. ఏడాదిగా ఆయన గొంతు అలాగే ఉంది.

ఏడాది కిందట భార్య పోయింది. ఇదే ఆస్పత్రిలో, పై అంతస్తులో. ఆయన ఏడవలేదు. చుట్టాలు ముందు గుండె నిబ్బరం గల మనిషని మెచ్చుకున్నారు, తర్వాత చెవులు కొరుక్కున్నారు. ఏడుపు ఎప్పుడో వస్తుందిలే అని ఆయన కూడా, బస్సు కోసం నిలబడ్డవాడిలా కొన్నాళ్ళు చూశారు. రాలేదు. చూడ్డం మానేశారు. తింటే కడుపు నిండేది. పడుకుంటే నిద్ర పట్టేది. చేతి మీద తల పెట్టుకుని పడుకుంటే, లేచాక ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు ఉంటుంది చూడండి, ఆయనకి రోజులు అలా ఉండేవి.

ఇంట్లో కింది వాటా ఆయనది, పై వాటా బావమరిదిది. బావమరిది అంటే పోయినావిడకి సొంత తమ్ముడు. జీవితమంతా జనానికి కారు నడపడం నేర్పి, మోకాళ్ళు మొరాయిస్తే మానుకున్నాడు. పెళ్ళాం పిల్లలు లేరు, ఉన్నదల్లా నోరు. రోజూ సాయంత్రం మెట్లు దిగి వచ్చి, హారన్ కొట్టినట్టు తలుపు మీద రెండు దెబ్బలు కొట్టేవాడు.

"బావా, ఉన్నావా?"

"ఉన్నాను."

"బాగున్నావా?"

"బాగానే ఉన్నాను."

తలుపు తెరుచుకునేది కాదు. "సరే అయితే," అని బావమరిది ఒక్కో మెట్టూ మూలుగుతూ పైకెళ్ళిపోయేవాడు. మాస్టారికి అతని మీద కోపమేమీ లేదు. తలుపు తీస్తే మాట్లాడాలి, మాట్లాడితే ఆవిడ పేరు వస్తుంది. లేచి గడియ తియ్యడం కన్నా "బాగానే ఉన్నాను" అనడం తేలిక.

ఇక ఆ ముందు వరస అమ్మాయి సంగతి. వార్డులో నర్సులు ఆమెకి తొందరమ్మ అని పేరు పెట్టారు. గుక్క తిప్పుకోకుండా మాట్లాడేది. రోగి జవాబు చెప్పడానికి నోరు తెరిచేసరికి తను పక్క మంచం దగ్గర ఉండేది. అయినా మాస్టారికి ఆమె అంటే ఒక మంచి అభిప్రాయం. ఒకసారి వార్డులోంచి వెళుతూ చూశారాయన. ఒక ముసలావిడ వీపు మీద స్టెతస్కోపు పెట్టబోతూ, ఆ చల్లటి బిళ్ళని ముందు తన అరచేతిలో పెట్టి రుద్ది వెచ్చబరిచింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ మార్కులు వెయ్యరు. మాస్టారికి ఏడాదిగా ఏదీ గుర్తుండడం లేదు కానీ, అది గుర్తుండిపోయింది.

పాఠం చివర్లో ఒక అభ్యాసం ఉంటుంది. దానికి మాస్టారు పెట్టిన పేరు "గుమ్మం నుంచి గుమ్మం దాకా". ఒకరు రోగిలా లోపలికి రావాలి, మిగతావాళ్ళు డాక్టర్లుగా మొదట్నుంచి చివరిదాకా చూసి పంపాలి. ఎక్కడ కూర్చోబెట్టారు, ఎంతసేపు ఆపారు, ఏం అడిగారు, ఏం అడగలేదు, అన్నీ చర్చకి వస్తాయి. ఒకరోజు రోగి వంతు ఎప్పుడూ కునుకు తీసే కుర్రాడిది. వాడికి క్లాసులో నిద్రగన్నేరు అని పేరు.

"నిద్రగన్నేరు రాలేదు సార్. డ్యూటీ దిగి గదిలో వాలిపోయాడు."

"పడుకోనివ్వండి. రోగిని నేనవుతాను," అన్నారు మాస్టారు. బయటికెళ్ళి తలుపు మూసి, మళ్ళీ తోసుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. "షుగరు పేషెంటుని. నటించక్కర్లేదు, చాలా ఏళ్ళుగా ఉన్నదే."

తొందరమ్మ ప్రశ్నలన్నీ గబగబా అడిగేసింది. ఆయన అన్నిటికీ పుస్తకంలో ఉన్నట్టు జవాబులు చెప్పారు. మందులు వేసుకుంటున్నాను. తిండి జాగ్రత్తగానే ఉంటున్నాను. కాళ్ళు రోజూ చూసుకుంటున్నాను.

"బూట్లు విప్పండి సార్."

"అదెందుకమ్మా, అభ్యాసానికి?"

"షుగరు పేషెంటుని బూట్లు విప్పించకుండా పంపిస్తే మీరే నా మార్కులు కోసేస్తారు. గుమ్మం నుంచి గుమ్మం దాకా అన్నారా లేదా?"

"అన్నాలే. నా మాట నాకే అప్పచెబుతావు," అని ఆయన బూట్లు విప్పారు.

ఆమె ఎడమ కాలి మేజోడు తీసింది. స్పర్శ ఉందో లేదో చూడటానికి సన్నటి నైలాన్ పోగు ఒకటి ఉంటుంది, చిన్న పిడికి బిగించి. దాన్ని చేతిలోకి తీసుకుంది. "కళ్ళు మూసుకోండి సార్. పోగు తగిలినప్పుడల్లా ఆ అనండి."

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఎవరో దగ్గారు. ఆయన ఓపిగ్గా ఎదురుచూసి, "ఊఁ, మొదలుపెట్టమ్మా," అన్నారు.

పోగు పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది.

"మొదలుపెట్టలేదా?"

"అయిపోయింది సార్," అంది తొందరమ్మ.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపేసుకున్నారు. మాస్టారు కళ్ళు తెరిచారు. ఆమె కుడి కాలి మేజోడు లాగుతోంది. నల్ల మేజోడు, మడమ దాకా తేలిగ్గానే వచ్చి ముందువైపు అతుక్కుపోయింది. ఆమె లాగడం ఆపి, నీళ్ళు తెప్పించి తడిపి, నెమ్మదిగా ఊడదీసింది. ఆమె ఒక పనిని అంత నెమ్మదిగా చెయ్యడం క్లాసులో ఎవరూ చూసి ఎరగరు. పాదం తిప్పి చూసింది.

బొటనవేలి కింద అరికాల్లో పుండు. చుట్టూ చర్మం తెల్లగా నాని ఉంది. మధ్యలో చీము. వాసన కూడా వేస్తోంది. తన వాసన తనకే తెలియలేదని మాస్టారికి అప్పుడు తట్టింది.

ఆమె బూటు అందుకుని లోపలికి లైటు వేసి చూసింది. అట్టలోంచి మొనదేలిన ఇనుప ముక్క మెరిసింది. బూటు బోర్లించింది. కింద, రబ్బరులో దిగబడిపోయి, గుండ్రటి ఎర్ర తల. గోడ మీది బోర్డుకి చార్టులు గుచ్చే పిన్ను. ఆ గదిలో ఎర్ర పిన్నులు వాడేది మాస్టారొక్కరే.

"ఎన్నాళ్ళ నుంచి సార్?"

"తెలీదు."

"నొప్పి?"

"లేదమ్మా."

అబద్ధం కాదు. ఆ జబ్బు చేసేదే అది. నరాలు మొద్దుబారిపోతే మేకు మీద నడిచినా మనిషికి తెలియదు. అందుకే రోజూ అరికాలు చూసుకోవాలని, బూటు వేసుకునే ముందు చెయ్యి పెట్టి తడమాలని ఆయన తరాల తరబడి కుర్ర డాక్టర్లకి చెబుతూ వచ్చారు. చెప్పిన రోజుల్లో ఇంటికెళ్ళాక ఆయన కాళ్ళు చూడ్డానికి ఒక మనిషి ఉండేది.

* * *

సాయంత్రానికి మంచం ఇచ్చారు. నర్సు ఒకామె దుప్పటి మడతపెట్టి, అడక్కుండానే మడమ కింద దోపి వెళ్ళింది. మాస్టారికి మడమ తెలియలేదు కానీ, ఆమె వంగినప్పుడు భుజం మీద పడ్డ చేతి బరువు తెలిసింది.

మర్నాడు పొద్దున ఎక్సరే పట్టుకుని ఆపరేషన్ల డాక్టరు వచ్చాడు. మాస్టారితో కలిసి చదువుకున్నవాడు. వెనకాల తొందరమ్మ.

"ఏరా, లోకానికంతా బూటులో చెయ్యి పెట్టి చూసుకోమని చెప్పి, నువ్వు మాత్రం పిన్ను పెట్టుకు తిరిగావా?"

"ఊఁ."

తిట్టినా ఉలుకూ పలుకూ లేకపోయేసరికి ఆపరేషన్ల డాక్టరు సరదా చప్పబడింది. మంచం అంచున కూర్చున్నాడు. "ఎముక దాకా పోయిందిరా. రెండు దారులున్నాయి. బొటనవేలు తీసేస్తే త్వరగా తేలిపోతుంది, కొన్నాళ్ళకి లేచి తిరుగుతావు. కానీ బొటనవేలు లేకపోతే నడక మారుతుంది, బరువంతా ఇంకోచోట పడి అక్కడ ఇంకో పుండు లేస్తుంది, తెలుసు కదా. రెండోది, వేలు ఉంచి మందులతో లాక్కురావడం. వారాలకి వారాలు పడుతుంది. కాలు కింద పెట్టకూడదు. ఇంట్లో ఎవరో ఒకరు రోజూ కట్టు విప్పి, కడిగి, కళ్ళు పెట్టి చూడాలి. ఎరుపు కాస్త పైకి పాకినా వెంటనే తీసుకురావాలి. ఇంట్లో నీకెవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి నేనెవర్ని బావా? పై వాటాలో దెయ్యాన్నా?"

గుమ్మంలో బావమరిది. ఒక చేతిలో ఉతికిన బట్టల సంచి, ఇంకో చేత్తో తలుపు పట్టుకుని ఆయాసపడుతున్నాడు. మొహంలో నవ్వుంది కానీ అది అక్కడ ఎక్కువసేపు నిలవలేదు.

"మీరు చూడగలరా అండీ?" అన్నాడు ఆపరేషన్ల డాక్టరు. "చూస్తానంటే ఇదిగో, ఇప్పుడే చూడండి." కట్టు విప్పాడు.

బావమరిది ముందుకొచ్చి వంగాడు. ఒక్క క్షణం చూశాడు. సంచి చేతిలోంచి జారింది. మొహం పాలిపోయి గోడకి చేరబడి కిందికి జారాడు. తొందరమ్మ పరిగెత్తుకెళ్ళి తల వంచి పట్టుకుంది.

"రక్తం చూస్తే నాకు చిన్నప్పట్నుంచీ కళ్ళు తిరుగుతాయమ్మా," అని గొణిగాడు. "అక్కయ్యకి తెలుసు."

"సరే, అర్థమైంది," అన్నాడు ఆపరేషన్ల డాక్టరు, మెత్తగానే. "ఎల్లుండి పొద్దున వేలు తీసేద్దాంరా. ఏమంటావు?"

"మీ ఇష్టం," అన్నారు మాస్టారు.

తొందరమ్మ తలెత్తి ఆయన వంక చూసింది. ఆయన ఫ్యాను వంక చూస్తున్నారు. బావమరిది బట్టలు ఏరి సంచిలో కుక్కి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

* * *

మధ్యాహ్నం ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీకు ఏది ముఖ్యం సార్?"

"చెప్పాగా, మీ ఇష్టం."

"అది జవాబు కాదు సార్. నేను సరిగ్గా అడగలేదని అర్థం."

"అయితే సరిగ్గా అడుగు."

"ఇంటికెళ్ళగానే మొదట ఏం చెయ్యాలనుకుంటున్నారు?"

"తాళం తీస్తాను."

"తీశాక?"

"లోపలికెళ్ళి మళ్ళీ వేస్తాను."

"సార్!"

"నిజం చెబితే కసురుకుంటావేంటి?"

ఆమె లేచెళ్ళి ఇంకో రోగిని చూసి వచ్చింది. మళ్ళీ కూర్చుంది. "బాగున్న రోజు అంటే మీకు ఎలా ఉంటుంది సార్? మా చేత రాయించారు కదా, ప్రతి పేషెంటునీ ఇది అడగమని."

"మంచి ప్రశ్నే. నేనే తయారుచేశాను," అన్నారు మాస్టారు. ఆలోచించారు కూడా. బాగున్న రోజు అన్న మాట చుట్టూ తిరిగి చూశారు కానీ, లోపలికి వెళ్ళడానికి ఎక్కడా తలుపు కనిపించలేదు. "తెలీదమ్మా. నిన్ను ఏడిపించడానికి అనడం లేదు. నిజంగా తెలీదు."

మూడోసారి ఆమె ఏమీ అడగలేదు. ఊరికే కూర్చుంది. తొందరమ్మకి ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో మాస్టారికి తెలుసు. ఆమె కాలు ఊపుతోంది, గోళ్ళు చూసుకుంటోంది, అయినా లేవడం లేదు. కిటికీలోంచి ఎండ మంచం మీదికి జరిగింది. చాలాసేపటికి, అడగాలా వద్దా అన్నట్టు, "మీ కాళ్ళు రోజూ మేడమ్ చూసేవారని నర్సులు చెప్పారు. ఎలా చూసేవారు సార్?" అంది.

ఆమె రోగి వివరాల కోసం అడగలేదు. అందుకేనేమో, జవాబు దానంతటదే వచ్చింది.

"స్టూలు వేసుకునేది," అన్నారు. "ఇంత ఎత్తుది, చెక్కది, ఒక కోడు కొంచెం పొట్టి. దీపాలు పెట్టే వేళకి అది నేల మీద లాగుతున్న చప్పుడు వినిపించేది. నేను పేపరు చదువుకుంటూ ఉండేవాణ్ణి, కాలు తన ఒళ్ళో పెట్టుకునేది. కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకునేది. దగ్గరవి తనకి జోడు లేకుండానే బాగా కనిపించేవి. వేళ్ళ సందులన్నీ చూసేది. చూస్తూ కబుర్లు చెప్పేది, నాక్కాదు, నా కాలికి. 'ఈయనగారు ఇవాళ నాతో ఏమన్నారో విన్నావా?' అని బొటనవేలితో చెప్పుకునేది. నా మొహం మీద అనలేని మాటలన్నీ దానికి చెప్పేది."

తొందరమ్మ నవ్వింది.

"పోట్లాడుకుని మాటలు మానేసిన రోజులు కూడా ఉండేవి. మాటల్లేకపోయినా స్టూలు మాత్రం వచ్చేది. ఎదురుగా కూర్చుని తన మోకాలి మీద ఇలా రెండుసార్లు తట్టేది, కాలు ఇటు పెట్టు అని. తను పట్టుకున్నట్టు నాకు తెలిసేది కాదమ్మా, అప్పటికే స్పర్శ పోయింది. పేపరు దించి చూస్తేనే తెలిసేది, పట్టుకుందని."

ఆయన ఆగారు. గొంతు ఎప్పటిలాగే ఉంది. ఏమీ కాలేదు. కళ్ళు తడవలేదు. కానీ నాలిక మీద ఒక మాట ఉంది. అది చెబితే పోయేదేమీ లేదనిపించింది.

"నాకేం కావాలని కదా అడుగుతున్నావు. వేలు ఉన్నా సరే, పోయినా సరే. సాయంత్రం పూట నా కాళ్ళు ఎవరైనా చూడాలి. నాకదే కావాలి. మీ లెక్కల్లో దానికి చోటుందో లేదో."

తొందరమ్మకి మళ్ళీ పాత వేగం వచ్చేసింది. "సార్, మీకు కావాల్సింది, వేలు నిలవడానికి కావాల్సింది, రెండూ ఒకటే సార్! ఇంట్లో మనిషి లేడనే కదా సార్ కొయ్యమంటున్నారు! అంకుల్ ఉన్నారుగా, ఆయన్ని నేను ఒప్పిస్తాను, నేర్పిస్తాను..."

"చూశావుగా, కళ్ళు తిరిగి పడ్డాడు."

"నేను మొదటిసారి ఆపరేషన్ చూసినప్పుడు ట్రే మీద పడ్డాను సార్. ఆయన గోడకి చేరబడ్డారు, నయం."

"నువ్వు ఒప్పించక్కర్లేదులే," అన్నారు మాస్టారు. "అడగాల్సింది నేను."

* * *

దీపాలు వెలిగే వేళకి మంచం చుట్టూ ఉన్న కర్టెను బయట, గచ్చు మీద ఈడుస్తున్న చెప్పుల చప్పుడు ఆగింది. కర్టెను రాడ్డు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

"బావా, ఉన్నావా?"

"ఉన్నాను."

"బాగున్నావా?"

నాలిక అలవాటుగా కదిలింది. మాస్టారు దాన్ని ఆపారు. అంత చిన్న పనికి అంత బలం కావాలని ఆయన అనుకోలేదు.

"లేను. లోపలికి రా."

బావమరిది తల ఒక్కటీ లోపలికి వచ్చింది. "ఏమన్నావు?"

"బాగాలేనన్నాను. వచ్చి కూర్చో. నిన్నొకటి అడగాలి."

అడిగారు. ఉన్నదున్నట్టు అడిగారు, సాయంత్రాలు కాళ్ళు చూస్తావా అని. బావమరిది నీళ్ళు నమిలాడు. లేచాడు, కూర్చున్నాడు, కర్టెను సర్దాడు.

"నువ్వు నన్ను లెక్కలోకే తీసుకోవనుకున్నా బావా. పొద్దున ఎవరూ లేరన్నావు చూడు, అప్పుడు కళ్ళు తిరగడం మొదలైంది నాకు. పుండు చూశాక పడ్డాను, అంతే."

"తప్పే అన్నాను."

"అక్కయ్య పోయిందగ్గర్నుంచి నాకు మాత్రం ఎవరున్నారు? రోజూ తలుపుతో మాట్లాడి వెళుతున్నా. ఆ తలుపు నీకన్నా నయం, కొట్టగానే చప్పుడన్నా చేస్తుంది." మొహం తుడుచుకున్నాడు. "చూస్తా. పడిపోతే లేపు, మళ్ళీ చూస్తా."

మర్నాడు అతను ఒక గుడ్డ మూట పట్టుకుని వచ్చాడు. విప్పితే పాత కారు పక్కద్దం, కాడతో సహా. ఎన్నో ఏళ్ళు శిక్షణ కారుకి ఉన్నదట, తీసి దాచుకున్నాడు.

"నేరుగా చూస్తే తిరుగుతోందమ్మా," అన్నాడు తొందరమ్మతో. "అద్దంలో అయితే నాకు అలవాటు. మీదికొస్తున్న లారీనే చూసేవాణ్ణి బెదరకుండా."

అద్దాన్ని మంచం మీద మాస్టారి మడమ దగ్గర వాల్చి, తల పక్కకి తిప్పి, అద్దంలోకి చూశాడు. రంగు మారాడు. మంచం కోడు పట్టుకున్నాడు. పడలేదు.

"ఏం కనిపిస్తోంది అంకుల్?"

"ఎర్రగా, చుట్టూరా."

"ఆ ఎరుపు ఎక్కడిదాకా?"

"ఇదిగో, ఈ గీత దాకా. నువ్వు పెన్నుతో గీశావే, దాని లోపలే ఉంది."

"గీత దాటితే?"

"దాటితే బండి తీసి ఇక్కడికి. సిగ్నల్ కూడా చూడను."

"సిగ్నల్ చూడండి అంకుల్!"

"చూస్తాలేమ్మా. ఎంతమందికి నేర్పాను!"

ఆమె అతని చేత చేతులు కడిగించింది, గ్లవుజులు తొడిగించింది, కట్టు విప్పించింది, మళ్ళీ కట్టించింది. రెండుసార్లు తప్పుగా కట్టాడు. విసుక్కోకుండా మళ్ళీ మొదట్నుంచి చెప్పింది, ఒక్కో మాటా విడివిడిగా. మాస్టారు దిండుకి ఆనుకుని చూస్తూ ఉన్నారు. పాఠం బాగానే వంటబట్టిందనిపించింది. సంతోషం అనదగ్గదేమీ కలగలేదు. కానీ చూస్తూనే ఉండాలనిపించింది, అంతవరకూ.

సాయంత్రం ఆపరేషన్ల డాక్టరు వచ్చి కట్టు చూశాడు. "ఎవరు కట్టారిది, ఇంత వంకరగా?"

"నేనేనండీ," అన్నాడు బావమరిది.

"వంకరే కానీ గట్టిగానే ఉంది." మాస్టారి వంక తిరిగాడు. "రేపటి ఆపరేషన్ ఆపుతున్నాన్రా. మాటివ్వను, వేలు నిలుస్తుందని. చూద్దాం. ఎరుపు దాటిందో, నన్ను అడగకుండానే కోస్తాను. సరేనా? మీ ఇష్టం అనకు, నీ క్లాసు పిల్లలు నా మీద పడతారు."

"సరే," అన్నారు మాస్టారు. "ఇంటికి వెళతాను."

* * *

వేలు నిలిచింది. నిలవడానికి చాలా కాలం పట్టింది. మధ్యలో ఒకసారి ఎరుపు గీత దాటితే, బావమరిది నిజంగానే తెల్లారకముందే బండి తీశాడు. సిగ్నళ్ళన్నీ చూసే వెళ్ళానని తొందరమ్మకి ఒట్టేసి చెప్పాడు. పుండు పూడాక కూడా అక్కడ చర్మం పలచగా, మెరుస్తూ ఉండిపోయింది. స్పర్శ రాలేదు, రాదు కూడా. పోయిన నరం తిరిగిరాదని మాస్టారు తనే ఎన్నోసార్లు చెప్పిన పాఠం.

పాఠాలు మళ్ళీ మొదలయ్యాయి. చార్టులకి ఇప్పుడు జిగురు టేపు వాడుతున్నారు, తొందరమ్మ పిన్నుల డబ్బా ఎక్కడో పారేసింది. ఆమె మాట వేగం తగ్గలేదు. కానీ పడక పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటోందని, కాళ్ళు ఊపుతూనే అయినా కూర్చుంటోందని, నర్సులు చెప్పుకుంటున్నారు.

సాయంత్రం వేళ. మాస్టారు కుర్చీలో పేపరు పట్టుకుని ఉన్నారు. తలుపు వారగా తీసే ఉంది. మెట్ల మీద మూలుగు వినిపించింది. ఆ తర్వాత వంటగది మూలలోంచి పొట్టి కోడు స్టూలు నేల మీద ఈడుస్తున్న చప్పుడు.

బావమరిది కూర్చున్నాడు. స్టూలు ఒక పక్కకి ఒరిగింది. "ఈ స్టూలుకి కోడు వేయించు బావా, రోజూ మలుపు తిరుగుతున్నట్టుంది నాకు."

"అలాగే ఉండనీ."

"సరే, ఉండనీ." అద్దం నేల మీద వాల్చాడు. అలవాటు కొద్దీ వాల్చాడు గానీ, ఈ మధ్య నేరుగానే చూస్తున్నాడు. పాదం ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. వేళ్ళ సందులు చూశాడు. చూస్తూ పైవాటా కుళాయి గురించి, పక్కింటి వాళ్ళ కొత్త కారు గురించి, వాళ్ళ అబ్బాయి దాన్ని గోడకి గీకించిన వైనం గురించి చెప్పుకుపోతున్నాడు.

మాస్టారు పేపరు దించారు.

"నొక్కుతున్నావా?"

"నొక్కుతున్నా, బొటనవేలు కింద. తెలుస్తోందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు."

"గట్టిగానే నొక్కుతున్నా బావా."

"నొక్కు," అన్నారు మాస్టారు. పేపరు మళ్ళీ ఎత్తలేదు. పాదం మీద బావమరిది వేళ్ళు కదులుతుంటే, అలా చూస్తూ కూర్చున్నారు.